ఏనుగుకి చక్రాలు, ఆటోకి తొండం: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

సగం జంతువు, సగం బండిగా ఉండే పాత్రలతో వచ్చే పిల్లల యానిమేషన్ సాహస కథల మీద అందిన ప్రశ్నలివి. అడిగినవాళ్లలో తల్లిదండ్రులున్నారు, టీచర్లున్నారు, సొంతంగా బొమ్మల సిరీస్ తీయాలనుకునే కుర్రాళ్లే ఎక్కువమంది ఉన్నారు. అందుకే తయారీ సంగతులకే ఎక్కువ చోటిచ్చాం.

ప్ర: మా ఐదేళ్ల బాబుకి 'డైనోట్రక్స్' అంటే పిచ్చి. పక్కన కూర్చోబెట్టుకుని "ఇది ఏ డైనోసారు? ఏ బండి?" అని చంపేస్తున్నాడు. నాకు జేసీబీ, క్రేను తప్ప ఇంకేం తెలీవు. ఎవరెవరో చెప్పండి. వాళ్లు బాగా కొట్టుకుంటున్నారు కూడా, చూపించొచ్చా?
*ఒక తల్లి, హనుమకొండ*

జ: హీరో టై రక్స్. టైరనోసారస్‌కి ప్రొక్లెయిన్ కలిపారు, తోక చివర కట్టడాలు కూల్చే ఇనుప గుండు ఉంటుంది. డోజర్ అంటే మూడు కొమ్ముల ట్రైసెరాటాప్స్‌కి బుల్‌డోజర్ బ్లేడు. పొడుగు మెడ స్కయా బ్రాకియోసారస్, క్రేను. టన్-టన్ అంకిలోసారస్, టిప్పర్. చెత్తబండి గార్బీ వీపు మీద పలకలుండే స్టెగోసారస్. టై పక్కనే తిరిగే చిన్న బల్లి రెవిట్ డ్రిల్లు మెషిన్. రెవిట్ జాతిని రెప్‌టూల్స్ అంటారు, అంటే పనిముట్ల బల్లులు. పెద్ద బండ్లు చెడిపోతే బాగుచేసేది వీళ్లే. విలన్ డీ-స్ట్రక్ట్స్ కూడా టై జాతివాడే. వీళ్లందరి తిండీ ఖనిజపు రాయే.

క్రిస్ గాల్ 2009లో వేసిన బొమ్మల పుస్తకం దీనికి మూలం. డ్రీమ్‌వర్క్స్ తీసిన సిరీస్ 2015 ఆగస్టులో నెట్‌ఫ్లిక్స్‌లో మొదలైంది. ఆ తర్వాత 'సూపర్‌చార్జ్‌డ్' పేరుతో 2018 దాకా నడిచింది.

కొట్లాటల విషయానికొస్తే, దెబ్బ తగిలితే రేకు సొట్టపోతుంది, బోల్టు ఊడుతుంది, రెప్‌టూల్స్ వచ్చి బిగిస్తాయి. రక్తం ఉండదు. డీ-స్ట్రక్ట్స్ గొంతుకీ చూపుకీ బెదిరే పిల్లలైతే మొదటి రెండు మూడు భాగాలు పగటిపూట, మీరు పక్కనుండి చూపించండి. మీవాడు అడిగే ప్రశ్ననే మీరు తిప్పి అడగండి: "టన్-టన్ వెనక తొట్టెలో ఏం పోస్తారు?" అని. ఈ కథల్లో ప్రతి గొడవా చివరికి ఏదో ఒకటి కట్టడంతోనో బాగుచేయడంతోనో తేలుతుంది కాబట్టి మాట్లాడటానికి కావలసినంత ఉంటుంది.

ప్ర: ఆటోకి ఏనుగు తల పెట్టి ఒక పాత్ర గీశాను. ఎవరికి చూపించినా "ఆటోకి ఏనుగు మాస్కు తొడిగావా?" అంటున్నారు. ఎక్కడ తప్పింది?
*డిగ్రీ విద్యార్థి, విజయవాడ*

జ: ఏనుగు చేసే పనికీ ఆటో చేసే పనికీ మీ బొమ్మలో సంబంధం లేదు. అసలు లోపం అదే, గీత కాదు. పైన చెప్పిన పాత్రలు మళ్లీ చూడండి. బ్రాకియోసారస్ మెడే క్రేను బూమ్. ట్రైసెరాటాప్స్ నుదుటి కవచమే బ్లేడు. ఒకే భాగం జంతువుకి అవయవంగానూ బండికి పనిముట్టుగానూ పనికి రావాలి. అలాంటి భాగం కనీసం ఒక్కటి దొరికే వరకు పెన్సిలు పట్టుకోకండి.

ఏనుగు తొండం బరువులెత్తుతుంది, నీళ్లు చిమ్ముతుంది. అంటే క్రేనో ఫైరింజనో అవుతుంది కానీ ఆటో కాదు. ఆటోనే కావాలంటే లోపల కూర్చోబెట్టుకుని మోసుకెళ్లే జంతువేదో వెతకాలి. పొట్టసంచీ ఉన్న కంగారూ సరిపోతుంది. వెనక రెండు చక్రాలు, ముందు ఒకటి, తోక సైలెన్సరు. మన ఊళ్లలోనే ఇంకా ఉన్నాయి. ఒంటె మూపురం నీళ్ల ట్యాంకరు, తాబేలు డిప్ప రోడ్డు రోలరు డ్రమ్ము, ఉడత తోక వీధులూడ్చే బండి బ్రష్షు.

తర్వాత కళ్లు. అద్దం మీద పెడితే ముఖం విశాలంగా వస్తుంది, కనుబొమ్మలకి పైకప్పు అంచు ఉపయోగపడుతుంది. హెడ్‌లైట్లే కళ్లయితే నోటికి మరీ దగ్గరై, రెండూ చెరో పక్కకి పోయి చూపు కలవదు. జంతువు తలే విడిగా ఉంటే కళ్లు దానికే ఉంచి, అద్దాన్ని ఖాళీగా నల్లగా వదిలేయండి. రెండుచోట్లా పెడితే పిల్లలకి ఎటు చూడాలో తెలీదు.

చివరి పరీక్ష: బొమ్మనంతా నల్లరంగుతో నింపి బొటనవేలి గోరంత సైజుకి తగ్గించండి. జంతువేదో బండేదో రెండూ తెలిస్తే పాసైనట్టు. ఒక్కటే తెలిస్తే రెండోదాని గుర్తుని పెద్దది చేయాలి. రంగులు మార్చి లాభం లేదు.

ప్ర: బ్లెండర్ అనే త్రీడీ యానిమేషన్ సాఫ్ట్‌వేర్‌లో ఎద్దు-ట్రాక్టరు చేశాను. మెడ తిప్పితే ముందు చక్రం కూడా రబ్బరులా సాగుతోంది. చక్రం తిరగడానికి డ్రైవర్ (ఒక విలువని బట్టి ఇంకోదాన్ని నడిపే సూత్రం) రాశాను, విలువ మారుతోంది కానీ చక్రం కదలట్లేదు. కీఫ్రేములు (మొదలు, చివర పోజుల్ని గుర్తుపెట్టే ఫ్రేములు) పెట్టి తిప్పితే ఐదుంబావు చుట్లకి బదులు పావు చుట్టే తిరుగుతోంది.
*ఒక పాఠకుడు, కర్నూలు*

జ: మూడు జబ్బులు, మూడు వేర్వేరు మందులు.

సాగడం ఆటోమేటిక్ వెయిట్స్ వల్ల, అంటే ఏ బోన్ (ఎముక) ఏ భాగాన్ని ఎంత లాగాలో సాఫ్ట్‌వేరే నిర్ణయించడం వల్ల. బండినీ జంతువునీ ఒకే మెష్‌గా (అతుకుల్లేని ఒకే ఆకారంగా) ఉంచి ఆర్మేచర్‌కి, అంటే బోన్ల గూడుకి కట్టేస్తే, దగ్గర్లో ఉన్న ప్రతి బోనూ చక్రాన్ని కొంచెం కొంచెం లాగుతుంది. మోడల్‌ని ముందే రెండు జాబితాలుగా విడగొట్టుకోండి. చక్రాలు, బంపర్, బానెట్, కొమ్ములు, గిట్టలు గట్టివి. మెడ, తొండం, చెవులు, పెదాలు, పొట్ట మెత్తవి. గట్టివాటికి వెయిట్ పెయింటింగే వద్దు. ఒక్కో ముక్కనీ విడి ఆబ్జెక్టుగా ఉంచి, దాని బోన్‌కి నేరుగా పేరెంట్ చేయండి, అంటే బోన్ కదిలితే అదీ కదిలేట్టు కట్టండి. మెత్తవాటికే వెయిట్స్. రెండూ కలిసేచోట అతుకు తప్పకుండా కనిపిస్తుంది. దాన్ని దాచడానికే మడ్‌గార్డు, మెడపట్టీ, మడతల రబ్బరు గొట్టం లాంటివి డిజైన్‌లోనే పెట్టుకోవాలి. ఎద్దుకైతే మెడలో గంటల పట్టెడ ఉండనే ఉంది.

డ్రైవర్ పనిచేయకపోవడానికి కారణం: బ్లెండర్‌లో పోజ్ బోన్లు మొదట్నించీ క్వాటర్నియన్ మోడ్‌లో (తిరగడాన్ని నాలుగు అంకెలతో రాసే పద్ధతిలో) ఉంటాయి. మీ డ్రైవర్ యూలర్ (ఒక్కో అక్షానికి ఒక్కో కోణం) విలువని మారుస్తోంది, బోన్ దాన్ని చదవట్లేదు. ఎన్ కీ నొక్కితే వచ్చే ప్యానెల్లో ఆ బోన్‌ని ఎక్స్‌వైజెడ్ యూలర్‌కి మార్చండి. మూడో జబ్బుకీ ఇదే మందు. క్వాటర్నియన్‌కి చుట్లు గుర్తుండవు. రెండు కీల మధ్య దగ్గరి దారి వెతుక్కుంటుంది, ఐదుంబావు చుట్లు పావు చుట్టైపోతాయి.

ఇక లెక్క. వెళ్లిన దూరాన్ని చక్రం వ్యాసార్ధంతో భాగిస్తే తిరగాల్సిన కోణం వస్తుంది. అది రేడియన్లలోనే వస్తుంది, డ్రైవర్ కూడా రేడియన్లే అడుగుతుంది, కాబట్టి పై (π) విలువతో పనిలేదు. చక్రం 60 సెంటీమీటర్లైతే వ్యాసార్ధం 0.3 మీటరు, బండి 10 మీటర్లు వెళ్తే 5.3 చుట్లు. ట్రాక్టరుకి ముందు వెనక చక్రాలు వేరు సైజులు కనుక రెండు డ్రైవర్లు రాయాలి. చాలామంది ముందుదాన్నే కాపీ కొట్టి వెనక పెట్టేస్తారు, అప్పుడు పెద్ద చక్రం నేల మీద జారుతూ కనిపిస్తుంది. ఇదంతా మొదలుపెట్టే ముందు కంట్రోల్-ఏ కొట్టి స్కేల్ అప్లై చేయండి, లేకపోతే మీరు రాసిన 0.3కి అర్థం ఉండదు.

వంపు దారుల్లో ఈ సూత్రం చాలదు, ఎందుకంటే బండి మలుపు తిరగగానే ముందుకెళ్లే దిక్కు మారిపోతుంది. దారిని కర్వ్‌గా గీసి బండి ఆ దారినే పోయేట్టు చేసే ఫాలో పాత్ పెట్టండి. ఫిక్స్‌డ్ పొజిషన్ టిక్ చేస్తే 0 నుంచి 1 వరకు నడిచే ఆఫ్‌సెట్ విలువ వస్తుంది. ఆ విలువని దారి మొత్తం పొడవుతో గుణించి వ్యాసార్ధంతో భాగించండి.

ప్ర: వేగంగా వెళ్లే షాట్‌లో చక్రాలు వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తున్నాయి. రిగ్ (బొమ్మని కదిపే బోన్లు, కంట్రోళ్ల అమరిక) తప్పా?
*తిరుపతి*

జ: రిగ్ తప్పు కాదు. ఐదు స్పోకుల చక్రంలో రెండు స్పోకుల మధ్య 72 డిగ్రీలు. ఒక్క ఫ్రేములో చక్రం 36 డిగ్రీలు దాటి తిరిగితే, కన్ను వెనక వచ్చే స్పోకుని ముందు స్పోకే అనుకుంటుంది. 60 సెంటీమీటర్ల చక్రంతో, సెకనుకి 25 ఫ్రేముల దగ్గర ఇది గంటకి 17 కిలోమీటర్లకే మొదలవుతుంది. 34 దగ్గర చక్రం ఆగిపోయినట్టే ఉంటుంది. స్పోకులు మూడుకి తగ్గిస్తే హద్దు 28 కిలోమీటర్లకి పెరుగుతుంది. మోషన్ బ్లర్ (కదిలేదాన్ని మసకబార్చే సెట్టింగ్) షట్టర్ 0.5 పెడితే కొంతవరకు సర్దుకుంటుంది. మరీ వేగం ఉన్న షాట్లకి స్పోకుల్లేని, మసకగా గీసిన చక్రాన్ని మార్చిపెట్టడం పాత పద్ధతి, ఇప్పటికీ అన్నిటికంటే చవక.

ప్ర: నా బండ్లు బరువుగా అనిపించట్లేదు. ఏనుగు-టిప్పరు కూడా నేల మీద జారే సబ్బులా ఉంది.
*యానిమేషన్ విద్యార్థిని, హైదరాబాద్*

జ: సాధారణంగా ఇలాంటి రిగ్గుల్లో చట్రానికీ ఒంటికీ ఒకే కంట్రోల్ ఉంటుంది. విడదీయండి. కింద చక్రాల కంట్రోల్ దారిని పట్టుకుని పోవాలి, పైన ఒళ్లు దాని మీద ఊగాలి. బ్రేకు వేస్తే ముక్కు కిందికి, బయల్దేరితే పైకి, మలుపులో ఒళ్లు మలుపుకి బయటివైపుకి ఒరగాలి. లోపలికి ఒరిగితే మోటార్‌సైకిలైపోతుంది.

సెకనుకి 25 ఫ్రేముల దగ్గర మొదలుపెట్టడానికి కొన్ని కొలతలు. ఉడత-ఆటో లాంటి తేలికపాటి పాత్ర ఆగినప్పుడు 4 ఫ్రేముల్లో 5, 6 డిగ్రీలు వంగి, మరో 4 ఫ్రేముల్లో లేచి, రెండుసార్లు చిన్నగా ఊగి ఆగుతుంది. ఏనుగు-టిప్పరు 10 ఫ్రేముల్లో 2, 3 డిగ్రీలే వంగుతుంది, 12 ఫ్రేముల్లో లేస్తుంది, రెండోసారి ఊగదు. బరువైనదాన్ని ఎక్కువ ఊపితే బరువు కనిపిస్తుందనుకోవడం పొరపాటు. బరువున్నది తక్కువ కదులుతుంది, ఆలస్యంగా కదులుతుంది. కనురెప్పలకీ ఇదే వర్తిస్తుంది: ఉడతకి 5 ఫ్రేములు, ఏనుగుకి 8 నుంచి 10.

తొండం, తోక, చెవులు ఒంటి వెంట వెంటనే కదలకూడదు. మొదటి కణుపు నుంచి చివరి కణుపు దాకా ఒక్కో బోన్‌కి 2 ఫ్రేముల ఆలస్యం ఇవ్వండి. ఒళ్లు ఆగాక తొండం కొస ఇంకా ఊగుతుంటే జంతువు బతికున్నట్టుంటుంది. కానీ బంపరు, నంబరు ప్లేటు అలా ఊగితే ఊడిపోతున్నట్టుంటుంది. గట్టివి, మెత్తవి అని కర్నూలు పాఠకుడికి చెప్పిన జాబితా ఇక్కడా తీసి చూసుకోవాలి.

మలుపులో రెండు ముందు చక్రాలనీ ఒకే కోణంలో తిప్పకండి. ముందు వెనక ఇరుసుల మధ్య 2 మీటర్లు, చక్రాల మధ్య 1.2 మీటర్లు ఉన్న బండి 5 మీటర్ల వ్యాసార్ధంతో తిరిగితే లోపలి చక్రం 24 డిగ్రీలు, బయటిది 20 డిగ్రీలు తిరగాలి. దూరపు షాట్లలో ఎవరికీ తెలీదు. చక్రాల దగ్గర కెమెరా పెట్టినప్పుడు మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇంకో మాట: పని తగ్గుతుందని రెండేసి ఫ్రేములకొక పోజు పెడుతుంటే ముఖాలకే పెట్టండి. కెమెరా బండి వెంట వెళ్లే షాట్‌లో అలా చేస్తే నేపథ్యం సాఫీగా పోతుంది, బండి మాత్రం గజగజ వణుకుతుంది.

ప్ర: తెలుగు మాటలకి పెదాల కదలిక కుదరడం లేదు. ఆటోమేటిక్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నా.
*రాజమహేంద్రవరం*

జ: రూబార్బ్ (గొంతు విని నోటి ఆకారాలు ఎంచే సాఫ్ట్‌వేర్) వాడుతుంటే ముందు సెట్టింగ్ చూడండి. అందులో రెండు పద్ధతులున్నాయి. పాకెట్‌స్ఫింక్స్ ఇంగ్లిష్ మాటలకి పనికొస్తుంది, మిగతా భాషలకి ఫొనెటిక్ ఎంచుకోవాలి. మొదటిదాన్ని మార్చకుండా వదిలేస్తే అది తెలుగులో ఇంగ్లిష్ మాటలు వెతుకుతుంది. అది అడిగే ఆకారాలు ఆరు, మరో మూడు అదనం. పిల్లల సిరీస్‌కి ఆరూ చాలు.

ఆ తర్వాత చేత్తో దిద్దాల్సినవి మూడు. ప, ఫ, బ, భ, మ దగ్గర పెదాలు కనీసం 2 ఫ్రేములు పూర్తిగా మూసుకోవాలి. అమ్మ, పప్పు, డబ్బా లాంటి ద్విత్వాలకి 3 లేక 4. దీర్ఘాలకి హ్రస్వం కన్నా దాదాపు రెట్టింపు సేపు ఆకారం నిలపాలి. "రా" అన్నప్పుడు నోరు "ర" అన్నంత తొందరగా మూస్తే పిలిచినట్టుండదు. మూడోది, మన మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. ప్రతి మాట చివరా నోరు మూసేస్తే నత్తిలా ఉంటుంది. మాట ఆగినచోట, ఊపిరి తీసుకున్నచోట మాత్రమే మూయండి. పెదాల కదలిక మొత్తాన్ని శబ్దం కన్నా ఒకటి రెండు ఫ్రేములు ముందే వచ్చేట్టు జరిపితే ఇంకా బాగా కలుస్తుంది.

నోరు రేడియేటర్ జాలీలో పెట్టారనుకోండి, జాలీ కడ్డీల్ని వంచకండి. జాలీ కింద అంచునే దవడగా చేసి పైకీ కిందికీ కదపండి.

ప్ర: 11 నిమిషాల ఎపిసోడ్‌ని ఇంట్లో ఒక్క కంప్యూటర్‌తో రెండర్ (చివరి బొమ్మలుగా తయారు) చేయొచ్చా?
*ఖమ్మం*

జ: 11 నిమిషాలంటే 25 ఫ్రేముల లెక్కన 16,500 బొమ్మలు. బ్లెండర్‌లో నెమ్మదైన రెండర్ పద్ధతి సైకిల్స్‌లో ఒక్కోటీ 2 నిమిషాలు తీసుకుంటే 550 గంటలు, అంటే రాత్రీపగలూ ఆగకుండా 23 రోజులు. వేగమైన పద్ధతి ఈవీలో ఒక్కోటి 5 సెకన్లలో అయిపోతే 23 గంటలు. పిల్లల సిరీస్‌కి మెరిసే రేకు, మెత్తటి నీడలు ఉంటే చాలు, ఈవీ సరిపోతుంది.

నేరుగా వీడియో ఫైలుగా రెండర్ పెట్టకండి. పదహారో గంటలో కరెంటు పోతే ఫైలు తెరుచుకోకపోవచ్చు. పీఎన్‌జీ బొమ్మలుగా పెట్టండి, ఆగినచోట నుంచి మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. బొమ్మకి 3 ఎంబీ అనుకుంటే 50 జీబీ ఖాళీ ఉండాలి. మొత్తం పెట్టేముందు ప్రతి షాట్‌లోంచీ మొదటిది, మధ్యది, చివరిది తీసి చూడండి. మాయమైన చక్రాలు, నేలలో కూరుకుపోయిన తోకలు అక్కడే దొరుకుతాయి.

ప్ర: వేసవి శిబిరంలో పిల్లలతో అట్టపెట్టెతో ఏనుగు-బండి చేయించాలి. కిందటిసారి చేసినవి తిరగలేదు.
*ప్రాథమిక పాఠశాల టీచరు, శ్రీకాకుళం*

జ: ఒక్కో బండికి 20 × 12 × 10 సెంటీమీటర్ల అట్టపెట్టె, ఇరుసులకి 3 మిల్లీమీటర్ల వెదురు పుల్లలు రెండు, వాటికన్నా వెడల్పైన స్ట్రాలు మూడు, గట్టి దారం, ఫెవికాల్ కావాలి. చక్రాలకి అట్ట ముక్కలు ఎనిమిది. కంపాస్‌తో 5 సెంటీమీటర్ల వలయాలు గీయించండి. కంపాస్ ముల్లు పడిన చోటే రంధ్రం చేస్తే చక్రం ఊగదు; గిన్నె బోర్లించి గీస్తే నడిమి చుక్క దొరకదు. రెండేసి వలయాల్ని అట్ట గీతలు అడ్డంగా వచ్చేట్టు అంటిస్తే వంగని చక్రాలు నాలుగు వస్తాయి.

స్ట్రాల్ని పెట్టె అడుగున అడ్డంగా అంటించి, రెండింటి మధ్య దూరం కుడివైపూ ఎడమవైపూ స్కేలుతో కొలవాలి. 2 మిల్లీమీటర్లు తేడా ఉన్నా బండి పక్కకి పోతుంది. స్ట్రాలోంచి పుల్లని దూర్చి, చక్రాన్ని పుల్లకే అంటించాలి. కిందటిసారి మీవి తిరగకపోవడానికి ఎక్కువ అవకాశం ఇక్కడే ఉంది: గమ్ము స్ట్రాలోకి కారి ఇరుసు పట్టేస్తుంది, లేదా చక్రం పెట్టెని రాసుకుంటుంది. చక్రానికీ పెట్టెకీ మధ్య 3 మిల్లీమీటర్లు వదలండి. ఫెవికాల్ పూర్తిగా ఆరడానికి ఒక రాత్రి పడుతుంది కాబట్టి రెండు రోజుల పనిగా పెట్టుకోండి.

మూడో స్ట్రా తొండం. కిందివైపు సెంటీమీటరుకొకటి చొప్పున 'వి' ఆకారపు గాట్లు పెట్టి, లోపల దారం దూర్చి కొసకి ముడేయండి. దారం లాగితే తొండం గాట్లవైపు చుట్టుకుంటుంది. గాటు స్ట్రా మందంలో సగం దాటితే తెగిపోతుంది.

మూడేళ్లలోపు తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇంట్లో ఉంటే సీసా మూతల్ని చక్రాలుగా వాడకండి. 31.7 మిల్లీమీటర్ల వెడల్పున్న పరీక్ష గొట్టంలో పూర్తిగా ఇమిడిపోయే వస్తువేదైనా ఆ వయసు పిల్లల గొంతుకి అడ్డం పడగలదని బొమ్మల భద్రతా ప్రమాణాలు చెబుతాయి. నీళ్ల సీసా మూత అందులో పడుతుంది. బజార్లో కొనే బొమ్మకైతే ఐఎస్ఐ గుర్తు చూడండి. మన దేశంలో 2021 జనవరి నుంచి బొమ్మలకి అది తప్పనిసరి.

ప్ర: మాది కూడా డైనోసార్లు, బండ్ల కథే. కేసు పెడతారా? మా పాత్రల్ని ఎలా కాపాడుకోవాలి?
*ఇద్దరు మిత్రులు, విశాఖపట్నం*

జ: డైనోసారుకి బండిని కలపడం ఒక ఆలోచన. ఆలోచనకి కాపీరైట్ ఉండదు, దాన్ని మీరు బొమ్మగా, కథగా మలిచిన తీరుకి ఉంటుంది. డిస్నీ పిల్లల చానల్లో 2009లో వచ్చిన 'జంగిల్ జంక్షన్'లో ఏనుగు-వ్యాను, పంది-స్కూటరు ఉన్నాయి. అంతమాత్రాన ఏనుగు-వ్యాను ఇంకెవరూ గీయకూడదని లేదు. కానీ ఎర్ర టైరనోసారస్-ప్రొక్లెయిన్, తోకకి గుండు, పక్కన డ్రిల్లు బల్లి, పేరులో 'ట్రక్స్'... ఇవన్నీ కలిపి వాడితే సమస్య తప్పదు. డైనోసార్లని వదిలేసి వేరే జంతువుల్ని తీసుకోమనే మా సలహా. పోలిక రాకుండా ఉంటుంది, కథా మీదవుతుంది.

మీ బొమ్మల నమోదుకి కాపీరైట్ కార్యాలయంలో ఒక్కో కృతికి 500 రూపాయలు, సరుకుల మీద వాడే బొమ్మలైతే 2,000, చిత్రానికి 5,000. దరఖాస్తు పెట్టాక అభ్యంతరాల కోసం 30 రోజులు ఆగుతారు. నమోదు తప్పనిసరి కాదు, గొడవ వస్తే రుజువుగా పనికొస్తుంది. సిరీస్ పేరుకి ట్రేడ్‌మార్క్ వేరే: వినోదానికి 41వ తరగతి, బొమ్మలకి 28. వ్యక్తులు ఆన్‌లైన్‌లో పెడితే తరగతికి 4,500 రూపాయలు.

వీటన్నిటికన్నా ముందు చేయాల్సింది మీ ఇద్దరి మధ్యా, మీరు డబ్బిచ్చి బొమ్మలు గీయించుకున్న వాళ్లతోనూ రాతపూర్వక ఒప్పందం. హక్కుల బదిలీ నోటిమాటగా చెల్లదు. రాసుకున్న కాగితంలో కాలపరిమితి లేకపోతే ఐదేళ్లే అనీ, ప్రాంతం చెప్పకపోతే భారతదేశానికే అనీ 1957 చట్టం లెక్కేస్తుంది. ఆరో ఏట విదేశీ చానల్ అడిగితే మీ కంగారూ-ఆటో మీది కాకుండా పోవచ్చు. కాలం, ప్రాంతం, ఆట వస్తువుల హక్కు ఈ మూడూ అక్షరాలా రాయించుకోండి.